సెలవులొస్తే ఊపిరందని మనిషి

ముందే చెప్పేస్తున్నాను, ఇప్పుడు బాగానే ఉన్నాను. మెట్లెక్కగలుగుతున్నాను, గట్టిగా నవ్వగలుగుతున్నాను, నవ్వాక దగ్గు రావడం లేదు. ఈ మాట చివర్లో చెప్పొచ్చు గానీ, ఇలాంటి రాతలు చదివేటప్పుడు "ఇంతకీ మనిషి ఉన్నాడా, పోయాడా" అన్న బెంగతో ఆఖరి పేజీ ముందు తిప్పేసే అలవాటు నాకుంది. మీకా శ్రమ ఎందుకు?

నా పేరు సింహాద్రి. శ్రీకాకుళంలో ఒక కాలేజీలో లైబ్రేరియన్ని. ఉద్యోగం చేసేవాళ్లందరికీ పనిరోజుల్లో ఒళ్లు వెచ్చబడుతుంది, సెలవు దొరకగానే తగ్గిపోతుంది. నాది తిరగబడిన వరస. ఏడాది పొడవునా పాత పుస్తకాల దుమ్ములో మునిగి తేలినా ముక్కు చీదని వాణ్ణి, పండగ సెలవులు మొదలయ్యేసరికి ఊపిరందక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాణ్ణి. మా ప్రిన్సిపాల్ గారు, "మీకు ఇల్లు పడ్డం లేదు సింహాద్రి గారూ, సెలవుల్లో కూడా ఇక్కడికే వచ్చేయండి" అన్నారు. స్టాఫ్ రూమంతా నవ్వింది. మా ఆవిడ గౌరి మాత్రం నవ్వలేదు. ఇంట్లో పడనిదేమిటో తేలకపోతే, ఆ పడనిది తానేనని ఊరంతా అనుకుంటుందని ఆవిడ భయం.

2015, దసరా

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, గౌరి, మా అమ్మ. అమ్మాయికి పెళ్లయిపోయింది. అక్క అప్పలనర్సమ్మని నౌపడలో ఇచ్చాం. బావ అక్కడి ఉప్పు మడుల్లో మేస్త్రి. దసరాకీ ఉగాదికీ ఇద్దరూ వచ్చి అమ్మ దగ్గర ఉండి వెళ్తారు. అమ్మకి ఏడాదంటే ఆ రెండు రాకలే. మిగతా నెలలు వాటి మధ్య ఖాళీ.

బావ రావడమంటే మామూలు రాక కాదు. పట్టంచు పంచె, ఇస్త్రీ మడత విరగని తెల్లచొక్కా, భుజాన కండువా. వీధి మొదట్లో ఆటో దిగి, నలుగురూ చూసేలా నడిచి వస్తాడు. గుమ్మంలో నన్ను పట్టుకుని ఎముకలు విరిగేలా కౌగిలించుకుంటాడు.

"ఒరే సింహాద్రీ! సిక్కిపోనావేట్రా! గౌరి కూడెట్టడం లేదేటి?"

మంచి మనిషి. అయితే మర్యాద దగ్గర మాత్రం చాలా సుకుమారం. మా అమ్మాయి పెళ్లి శుభలేఖలో ఆయన పేరు మా బాబాయి పేరు కింద పడిందని మూడేళ్లు మా గడప తొక్కలేదు, అక్కనీ తొక్కనివ్వలేదు. ఆ మూడేళ్లూ అమ్మ పండగ పూట సగం అన్నంలో చెయ్యి కడిగేసుకునేది. చివరికి నేను వెళ్లి కాళ్లావేళ్లా పడితే వచ్చాడు. అప్పట్నించీ ఆయనతో మాట్లాడేటప్పుడు మా ఇంట్లో అందరం ఆచితూచి మాట్లాడతాం.

ఆ దసరాకి బావ వచ్చిన పూటే తుమ్ములు మొదలయ్యాయి. మూడో రోజుకి ఛాతీలోంచి పిల్లికూతలు. ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ వరండా నిండా జనం. ఎవరికి వాళ్లకి తమ రోగమే పెద్దది కాబట్టి బెంచీ మీంచి ఎవరూ లేవరు. ఖాళీ చేపల గంప ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ మాత్రం లేచి, ఫ్యాను కింద తన చోటు నాకిచ్చింది.

"నోరు సున్నాలాగ సుట్టి మెల్లిగా ఊదు బాబూ. కంగారుపడకు. ఒడ్డునడ్డ సేపలాగ నోరు తెరవకు."

చెప్పినట్టే ఊదాను. నిజంగానే కాస్త నెమ్మదించింది. తర్వాత డాక్టరుగారు కూడా అదే పద్ధతి నేర్పారు, ఫీజు తీసుకుని. ఆ తల్లి పేరడగడం మర్చిపోయాను. ఆ సంగతి ఇప్పటికీ బాధే.

డాక్టరు కుర్రాడు. ఓపికున్నవాడు. "ఇంట్లో ఎవరైనా చుట్టా సిగరెట్టూ కాలుస్తారా?" అన్నాడు.

"లేదండి" అన్నాం నేనూ గౌరీ ఒకేసారి.

ఆయన కిటికీలోంచి బయటికి చూపించాడు. మెట్ల మీద మా అమ్మ దర్జాగా కూర్చుని చుట్ట తాగుతోంది.

"ఆవిడ మా అమ్మండి. కానీ అది అడ్డపొగండి" అన్నాను. మా వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. నిప్పు లోపలుంటే పొగ కూడా లోపలే ఉంటుందనీ, అది లెక్కలోకి రాదనీ నేను యాభై ఏళ్లుగా నమ్ముతున్నాను. లైబ్రేరియన్ని, బోలెడు చదివాను, అయినా నమ్ముతున్నాను.

చివరికి పీల్చే మందు ఒకటిచ్చి, "మీకేదో ఎలర్జీ. అదేమిటో మీరే పట్టుకోవాలి. ఒక పుస్తకం పెట్టి, ఏం తగిలినప్పుడు తుమ్ములొస్తున్నాయో రాయండి" అన్నాడు. నాలాంటి వాడికి ఆ మాట చెప్పడం ఆయన చేసిన పొరపాటు.

2016, ఉగాది

పుస్తకాలకి నంబర్లు వేయడం నా వృత్తి. ఇంటిని కూడా అలాగే విభాగాలు చేశాను. తిండి, పొగలు, వాసనలు, జంతువులు, పురుగులు, ఆ పేజీలోనే వాటి కింద మనుషులు. ఒక్కోదాని ఎదురుగా తుమ్ముల సంఖ్య. ఈ పుస్తకం సంగతి తెలిశాక మా ఇంటికొచ్చే వాళ్ల ప్రవర్తన మారిపోయింది. పక్కింటావిడ పాలపొడి అడగడానికి వచ్చి, నేను ముక్కు నలుపుకోవడం చూసి, "నన్ను రాయకండి బాబూ, నేను వెళ్లిపోతన్నాను" అని గుమ్మంలోంచే తిరిగిపోయింది.

గౌరి పండగకి పదిహేను రోజుల ముందే కొంగు బిగించింది. బూజులు దులిపించింది, పరుపులు ఎండలో వేసింది, కర్టెన్లు పీకించింది, దిండు గలీబులు వేడినీళ్లలో ఉడకబెట్టింది. ఊదొత్తులు బంద్, సాంబ్రాణి బంద్, పౌడరు బంద్. ఏళ్లుగా మా పెరట్లో తిరుగుతున్న పిల్లిని గోనెసంచిలో వేసి నాగావళి అవతల వదిలి రమ్మంది. వదిలి వచ్చాను. నాకంటే ముందు అది ఇంటికొచ్చేసింది. దేవుడి గదిలో దీపం మాత్రం వెలిగిస్తానని, పొగ వస్తే తానే ఊదేస్తానని దేవుడితో ఒప్పందం చేసుకుంది.

అన్నిటికంటే కష్టం అమ్మది. గౌరి ఆవిడ చుట్టల కట్ట ఎత్తి అటక మీద పెట్టేసింది. అమ్మ రెండు రోజులు అలిగి, మూడోరోజు నా పక్కన కూర్చుని నా ఊపిరి విని, తానే వచ్చి చెప్పింది.

"నా సుట్ట నానొగ్గీసినాన్రా. నీ పేనం కంటేనా? నువ్వు మాత్రం బేగి బాగుపడు. అల్లుడొచ్చినప్పుడు ఇలాగ కూకుంటే బాగోదు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పట్నించీ ఉన్న అలవాటు ఆవిడది.

ఉగాది పొద్దున్న ఇల్లు ఆసుపత్రికంటే శుభ్రంగా ఉంది. నా ఊపిరి హాయిగా ఆడుతోంది. పదింటికి బావ వచ్చాడు, కౌగిలించుకున్నాడు. వరసగా తొమ్మిది తుమ్ములు. గౌరి చీపురు పట్టుకుని నేల మీద కూలబడిపోయింది.

ఆ సాయంత్రం పుస్తకంలో మనుషుల విభాగం తెరిచి, ఎవరూ చూడకుండా ఒక పేరు రాశాను. రాయకూడదని తెలుసు. వృత్తి అలవాటు, చెయ్యి ఆగలేదు.

2016, దసరా

నేను నిజంగా భయపడిన పండగ ఇది. బావ ఆ ఏడు మరీ ఘనంగా వచ్చాడు. చొక్కా పైన జరీ కండువా వేసుకుని, నాకు సర్వీసు పాతికేళ్లు నిండాయని విని, ఆ కండువా తీసి నా మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టి సన్మానం చేశాడు. ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికి నాకు గాలి అందడం మానేసింది.

అది ఎలా ఉంటుందో చెప్తాను, పడినవాళ్లు ఒప్పుకుంటారు. గాలి చుట్టూ ఉంటుంది, లోపలికి రాదు. మాట అనబోతే మాట రాదు. చచ్చిపోతానేమోనని అప్పుడే మొదటిసారి అనుకున్నాను. అమ్మ కంటే ముందు పోతే ఎలాగా అని కూడా అనుకున్నాను. బావ నన్ను అమాంతం ఎత్తి ఆటోలో పడేసి, దారి పొడవునా తన గుండెకి అదుముకుని కూర్చున్నాడు. "ఒరే, నానున్నాన్రా, భయపడకు" అని మరింత అదుముకున్నాడు. నేను చేత్తో తోసేస్తుంటే భయంతో కొట్టుకుంటున్నాననుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో మాస్కు పెట్టాక గంటకి కుదుటపడ్డాను. నర్సు అందర్నీ బయటికి తోలేసింది. కాసేపటికి బావ బతిమాలుకుని లోపలికొచ్చి నా మీదకి వంగాడు. మళ్లీ పిల్లికూతలు. నర్సు ఆయన్ని చూసి, "మీరు రాకండి బాబూ, మీరొస్తే పెరుగుతోంది" అనేసింది. ఆ పిల్లకేం తెలుసు, మా బావ సంగతి!

మర్నాడు ఇంటికొచ్చాను. డాక్టరుగారికి చూపించాలని గౌరి నా పుస్తకం బల్ల మీద పెట్టింది. బావ దాన్ని తీసి తిరగేశాడు. ఆయన వేలు ఒకచోట ఆగడం మంచం మీంచి చూశాను.

"ఏట్రా ఇది? సీమలు, ఆటి కింద బొద్దింకలు, ఆటి కింద నానా?"

"బావా, అది అక్షరక్రమం..." అన్నాను. నోటికొచ్చిన అబద్ధం. అది నిలవదని అక్షరాలు నేర్చిన ఎవరికైనా తెలుస్తుంది.

"శుభలేఖలో మీ బాబాయి కిందెట్టేవు. ఊరుకున్నాను. ఇప్పుడు బొద్దింకల కిందెట్టేవు." ఆయన గొంతులో కోపం కంటే వేరే ఏదో ఉంది. "నిన్నెత్తుకుని పరిగెత్తేన్రా నాను."

అబద్ధం రాయలేదు, నిజమూ చెప్పలేను. ఒంటిగంట బండికి అక్కనీ సంచినీ తీసుకుని వెళ్లిపోయాడు. అక్క గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి అమ్మ వంక చూసింది. ఆ చూపు నాకు ఆ రోజు మింగిన మందులన్నిటికంటే చేదుగా ఉంది.

2017, ఉగాది

బావ రాలేదు. అక్క రాలేదు. నాకు తుమ్ము రాలేదు.

ఒక్కటంటే ఒక్కటి లేదు. పచ్చడి తిన్నాను, బొబ్బట్లు తిన్నాను, పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఒంట్లో ఇంత హాయిగా ఉన్న పండగ రెండేళ్లలో లేదు, మనసులో ఇంత హీనంగా ఉన్న పండగ కూడా లేదు. అమ్మ పచ్చడి గిన్నె పక్కకి జరిపి అంది.

"నీకు ఊపిరాడతన్నాది. సంతోసమే. మరి నాకు దాన్ని సూసే గీత నేదా? దాని మొగుడి గాలి నీకు పడకపోతే నానేటి సెయ్యాల?"

ఇదీ నా జబ్బు తెచ్చిన అసలు కష్టం. నేను బతకాలంటే బావ రాకూడదు. బావ రాకపోతే అమ్మకి కూతురు లేదు. డాక్టరుగారిని అడిగితే, మనిషికి మనిషి పడకపోవడమన్నది తమ పుస్తకాల్లో లేదన్నారు. మా చుట్టాల్లో మాత్రం అప్పటికే ఖాయం చేసేశారు. మా బాబాయి అయితే ఎప్పట్నించో తనకా అనుమానం ఉందన్నాడు.

అదే ఏడు, ఎండాకాలం

ఇక లాభం లేదని పీల్చే మందు జేబులో పెట్టుకుని పాసింజరు బండెక్కి నౌపడలో దిగాను. తుమ్ములొస్తే రానీ, క్షమాపణ చెప్పి రావాలి.

ఎండ పెళపెళలాడుతోంది. మడుల మధ్య గట్టు మీద నడుస్తుంటే రెండు వైపులా ఉప్పు కుప్పలు కళ్లు చెదిరేలా ఉన్నాయి. బావ చొక్కా లేకుండా, లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి మడిలోంచి ఉప్పు లాగిస్తున్నాడు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. నన్ను చూసి గిరుక్కున అటు తిరిగి, పక్కనున్న కూలామెతో అన్నాడు, నాకు వినపడేలా.

"ఆ బాబుకి నా గాలి పడదు. దూరంగా నిలబడమను."

నేను మడిలోకి దిగిపోయాను. చెప్పులు, ప్యాంటు, అన్నీ తడిసిపోయాయి. వెళ్లి వాటేసుకున్నాను. చెమటతో, ఉప్పుతో ఒళ్లంతా జిగురుగా ఉంది. ఆయన విదిలించుకోలేదు. బిగుసుకుని నిలబడి, నాకు తుమ్ము ఎప్పుడొస్తుందా అని లోపల లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఏదీ, తుమ్ము" అన్నాడు.

"రావడం లేదు బావా."

"సరిగ్గా పీల్సు."

ఆయన మెడ దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. చుట్టూ కూలీలు పని ఆపి చూస్తున్నారు. ఇద్దరు పెద్దమనుషులు మడి మధ్యలో నిలబడి ఒకరినొకరు వాసన చూసుకోవడం వాళ్లకి కొత్త.

ఇంటికెళ్లాం. అక్క నన్ను చూసి ఏడ్చింది, తిట్టింది, మజ్జిగ కలపడానికి లోపలికెళ్లింది. "తమ్ముడొచ్చినాడు, ఆ బట్టలు మార్సుకోండి" అని లోపల్నించి కేకేసింది. బావ మూలనున్న రేకు పెట్టె దగ్గర కూర్చుని మూత ఎత్తాడు.

నేను తుమ్మాను. మళ్లీ తుమ్మాను. ఆగకుండా తుమ్ముతూ ఆ పెట్టె దగ్గరికే వెళ్లాను. బావ మొహం తెల్లబోయింది. పెట్టె నిండా మేం పెట్టిన బట్టలు. పెళ్లినాటి పంచెల నుంచి నిరుటి దసరా చొక్కా వరకు, ఏళ్ల వరసలో, మడత మీద మడత. ప్రతి మడతలోనూ గుప్పెడు కలరా ఉండలు. ముప్ఫై ఏళ్ల కలరా ఉండల ఘాటు ఒక్కసారి మొహాన కొట్టింది.

మజ్జిగ గ్లాసుతో వచ్చిన అక్క అంది: "ఆయన మీరెట్టిన బట్ట ఒక్కటీ ఇక్కడ కట్టరు. మీ ఇంటికొచ్చినప్పుడే తీస్తారు. పురుగట్టీస్తాదని ఏడాదికి రెండేసి పొట్లాలు ఏస్తారు. నాకూ ముట్టనివ్వరు."

"అత్తోరెట్టిన బట్ట ఉప్పులో కడతానేట్రా?" అన్నాడు బావ, సంజాయిషీ చెప్తున్నట్టు. "మర్యాద కాదేటి?"

ఊపిరి సగమే ఆడుతున్నా నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మేం ఇచ్చిన గౌరవాన్ని ఆయన ప్రాణంలా దాచుకుని ఏడాదికి రెండుసార్లు నా ముక్కు కింద పెడుతున్నాడు. మందు పీల్చి వీధి అరుగు మీదకి వచ్చి కూర్చున్నాను. బావ పక్కన కూర్చున్నాడు, కాస్త ఎడంగా.

"అయితే నాను కాదు?"

"నువ్వు కాదు బావా."

"మీ బాబాయితో సెప్పు. ఈ మాట అందరి ముందరా సెప్పు."

చెప్తానన్నాను. కానీ నేను తిరిగొచ్చాక ఇంకో చిక్కొచ్చింది. ఆ బట్టలు అక్క మూడుసార్లు ఉతికి, వారాల తరబడి ఎండేసినా వాటికి ఆ వాసన పోలేదు. కొత్తవి కొనిస్తామని ఫోన్ చేస్తే, పండగ పూట పీట మీద కూర్చోబెట్టి పెడితేనే అది అత్తవారు పెట్టిన బట్ట అనీ, ఇలా కొనిపించుకున్నవి కట్టుకుని అత్తవారింటికి రావడం తన వల్ల కాదనీ అన్నాడు. "మీ అక్కని పంపిస్తాను. నానెలాగొస్తాన్రా, లుంగీతోనా? మీ ఈదిలో నా మర్యాదేటవుతాది?" అన్నాడు. కోపం లేదు, అలక లేదు. సిగ్గుపడుతున్నాడు. దానికి నా దగ్గర మందు లేదు.

2017, దసరా

తిరిగొచ్చి డాక్టరుగారికి సంగతి చెప్పాను. "పెట్టెలో ఏం వేస్తారని నేనడగలేదు, మీరు చెప్పలేదు" అని తల పట్టుకున్నారు. ఏళ్ల తరబడి పడిన వాసనే వయసు మళ్లాక పడకపోవచ్చునట. మీలో ఎవరికైనా పండగల్లోనే తుమ్ములొస్తుంటే ఇల్లు దులిపే ముందు పెట్టెలు తెరిచి చూడండి. దాచిన బట్టలు వారం ముందే తీసి ఉతికి ఎండేయండి, మా బావ బట్టలంత ముదరకపోతే వాసన పోతుంది. చుట్టాలకి కూడా చెప్పండి, కాస్త నెమ్మదిగా. పిల్లిని మాత్రం వదిలేయండి పాపం. అమ్మ "అయితే నా సుట్ట నాకిచ్చీండి" అని అడిగింది గానీ డాక్టరుగారు ఒప్పుకోలేదు. పొగ లోపలున్నా పొగేనట.

దసరా నాటి పొద్దున్న అక్క ఒక్కతే వస్తుందని అనుకున్నాం. అమ్మ "అదైనా వస్తన్నాది, సాల్లే" అంటూనే గుమ్మం వదలలేదు.

వీధి మొదట్లో ఆటో ఆగింది. అక్క దిగింది. వెనకాల బావ దిగాడు. వెలిసిపోయిన గళ్ల లుంగీ, కాలరు దగ్గర కుట్టేసిన పనిచొక్కా, దాని మీద ఎంత ఉతికినా పోని ఉప్పు చారలు. ఎప్పుడూ నలుగురూ చూడాలని నడిచే మనిషి, ఆ రోజు ఎవరూ చూడకూడదని తల వంచుకుని గబగబా నడిచాడు. అయినా అందరూ చూశారు. పక్కింటావిడ గుర్తుపట్టక, "ఎవరు కావాలి?" అని అడిగింది. బావ మొహం ఎర్రబడింది. ఆగలేదు. నా ఊపిరి కోసం ఆయన వదిలి వచ్చిందేమిటో నాకు తెలుసు.

గుమ్మం ముందు ఆగి, అమ్మ వంక చూడకుండా అన్నాడు.

"అత్తా, ఇలాగొచ్చీసినాను. ఏటనుకోకు."

అమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. దగ్గరికెళ్లి ఆ కుట్టేసిన కాలరు చేత్తో సరిచేసింది.

"ముప్పయ్యేళ్లు సుట్టంలాగొచ్చేవు బాబూ. ఇప్పుడు మాయింటోడిలాగొచ్చేవు. రా, లోపలికి రా."

బావ అక్కడే నిలబడిపోయి లుంగీ అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు. నేను ఎదురెళ్లి గట్టిగా వాటేసుకున్నాను. తుమ్ము వస్తుందేమోనని ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు.